మీకు తెలుసా? రెండో సీటు ఉచితం!

స్థూలకాయం వైకల్యంగా మారి రెండు సీట్లు అవసరమయ్యేవారికి, కెనడా దేశీయ విమానాల్లో రెండో సీటుకు ఛార్జీ వేయకూడదు. 2008 జనవరిలో అక్కడి రవాణా ఏజెన్సీ ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్‌లకు ఈ ఆదేశం ఇచ్చింది. కంపెనీలు అక్కడి సుప్రీంకోర్టుకెక్కితే, అదే ఏడాది నవంబరులో కోర్టు అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. 2009 జనవరి నుంచి ఆదేశం అమలైంది. కంపెనీలు డాక్టరు ధ్రువీకరణ అడగవచ్చు.

వనస్థలిపురం నుంచి టొరంటోలోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు శంషాబాద్‌లో ఎక్కే అంతర్జాతీయ విమానానికి ఈ ఆదేశం వర్తించదు. టొరంటోలో దిగాక కాల్గరీకి ఈ కంపెనీల్లో విడిగా కొనే టికెట్‌కైతే వర్తిస్తుంది.

సీటుబెల్టు అందకపోతే అస్సలు మొహమాటపడకండి. సిబ్బందిని అడిగితే బకిల్ ఉన్న చిన్న అదనపు పట్టీ తెచ్చిస్తారు, దానికి మామూలుగా డబ్బు తీసుకోరు.