ఊరి చెరువు, ఊరి గాలం

తెలంగాణలో 2015లో ‘మిషన్ కాకతీయ’ ఆరంభమైనప్పుడు లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46,531. వాటిలో పూడిక తీసిన చెరువులు కొన్నింటిలో నీరు మునుపటికంటె ఎక్కువ కాలం నిలుస్తున్నది. నీరు నిలిచిన చోట చేపను గురించిన ఆలోచన పుట్టడం సహజమే. 2016–17లో రాష్ట్ర మత్స్యశాఖ చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే కార్యక్రమాన్ని చేపట్టినది. దానిని చూచి, చేపల వృత్తితో సంబంధం లేని యువకులు, పట్టణాలలో ఉద్యోగాలు చేసుకొంటున్న ఊరివారు కూడ చందాలు వేసుకొని, తమ చెరువులో తామే చేపపిల్లలను వదిలి, సెలవు దినాలలో పిల్లాపాపలతో గట్టున కూర్చొని గాలం వేసుకొనే ఏర్పాటు చేసుకోవాలని ఉత్సాహపడుతున్న గ్రామాలు కనబడుతున్నాయి.

ఆలోచన మంచిదే. ఊరివారందరూ చెరువు గట్టుకు రావడం మొదలుపెడితే చెరువును గురించిన శ్రద్ధ దానంతట అదే పెరుగుతుంది. అయితే చేపపిల్లను నీటిలో వదలడం ఒక్క పూట పని. ఆ పిల్ల బ్రతకడం, పెరగడం, పెరిగిన తరువాత అది ఎవరిదో తేలడం, ఈ మూడూ ఏడాది పొడుగునా సాగే పనులు. చందాలు పోగుచేసే ఉత్సాహంలో ఈ మూడింటిని గురించి ముందుగా ఆలోచించేవారు తక్కువ.

చేప ఎవరిది?

మా శాఖ పరిధిలోని ఒక గ్రామంలో జరిగినది చెబుతాను. యువకులు కొందరు సొంత డబ్బుతో చేపపిల్లలను తెచ్చి, ఊరందరి సమక్షంలో చెరువులో వదిలారు. నాలుగు నెలలు గడిచాక గాలాలతో గట్టుకు వెళితే మత్స్య సహకార సంఘం సభ్యులు అభ్యంతరం చెప్పారు. చెరువులో చేపలు పట్టుకొనే హక్కును సంఘం కౌలు చెల్లించి పొందినది. ఆ సంఘంలోని కుటుంబాలకు చెరువే జీవనాధారం. “పిల్లలను పోసింది మేము” అని యువకులు, “చెరువుకు పైకం కట్టింది మేము” అని సంఘంవారు. ఒకరి మాటలోనూ అబద్ధం లేదు. అయినా మాట పెరిగి, చివరకు ఒక రాత్రి ఎవరో చెరువులో టంగుసు వల వేసి, చిన్నా పెద్దా తేడా లేకుండ దొరికినవాటిని దొరికినట్లు ఎత్తుకొనిపోయారు. ఆ వల ఎవరిదో నేటికీ తెలియదు. ఉభయులూ నష్టపోయారు.

ఈ తగవులో న్యాయం విషయమై నా అభిప్రాయం దాచుకోను. గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజులు మొదలైన వృత్తిదారులకు చెరువు వినోదస్థలం కాదు, పొలం వంటిది. వేరొకరి పొలంలో మనం విత్తనం చల్లినంత మాత్రాన పంట మనది కాజాలదు. చెరువులో పడిన చేపపిల్ల ఎవరు కొన్నదో గుర్తుపట్టే మార్గం కూడ లేదు. కావున చందా పుస్తకం తెరవడానికి ముందే ఆ చెరువు ఎవరి ఆధీనంలో ఉన్నదో, గ్రామ పంచాయతీదో, మత్స్యశాఖదో, కౌలు ఎవరి పేర ఎప్పటివరకు ఉన్నదో తెలుసుకోవాలి. ఆ పైన గ్రామసభలో సంఘంవారితో కూర్చొని మాట్లాడి, కుదిరిన ఒప్పందాన్ని కాగితం మీద పెట్టాలి.

పై గ్రామంలో మరుసటి సంవత్సరం అదే జరిగినది. చెరువు కట్టకు ఒక కొసన ఉన్న కొంత జాగాను గాలాలకు విడిచారు. ఆదివారం మాత్రమే గాలం వేయాలి. వల ముట్టుకోరాదు. ఇంటికి రెండు చేపలకు మించి తీసుకొనిపోరాదు. గాలానికి ఇంత అని చీటీ రుసుము సంఘమే వసూలు చేసుకొంటుంది. ఎర, గాలపు కర్రలు అమ్ముకొనేదీ సంఘ సభ్యుల ఇళ్లవారే. యువకుల చందా చేపపిల్లల కొనుగోలులో వారి వంతుగా జమ అయినది. మృగశిర కార్తె విషయమై మాత్రం చాలాసేపు వాదన నడిచినది. జూన్ 7, 8 తేదీలలో ఆ కార్తె ప్రవేశించే నాడు చేప తినడం తెలంగాణలో ఇంటింటి ఆచారం, ఆనాడు చేపకు పలికే ధర ఏడాదిలో మరెన్నడూ పలకదు. చెరువులో నీరు అడుగంటి చేప సులువుగా దొరికేదీ ఆ రోజులలోనే. కనుక కార్తెకు ముందు పదిహేను రోజులు గాలాలు నిలిపివేయడానికి యువకులు అంగీకరించారు. ఇది వారికి కొంత కష్టంగానే తోచినది.

ఏ చేప, ఎంత పిల్ల?

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనే మూడు రకాలు మన చెరువులకు అనువైనవని పాఠకులకు తెలియనిది కాదు. బొచ్చె పైనీటిలోను, శీలావతి మధ్య నీటిలోను, ఎర్రమోసు అడుగున మేస్తాయి. అందుచేత ఒకదాని మేతకు మరొకటి అడ్డురాదు. సాధారణంగా వీటిని 4:3:3 పాళ్లలో వదలడం ఆనవాయితీ. అయితే గాలానికి ప్రాధాన్యమిచ్చే చోట ఈ పాళ్లను కొంత మార్చుకొనడం మేలు. బొచ్చె ముఖ్యంగా నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినే చేప, ఎరకు అంత సులభంగా రాదు. తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్దకు శీలావతి, ఎర్రమోసు బాగా వస్తాయి. చిన్నపిల్లల సంతోషానికి ఇవేవీ అక్కరలేదు. చెరువులో సహజంగా ఉండే పరిగెలు వానపాము ముక్కకు క్షణక్షణం తగులుతూనే ఉంటాయి.

బంగారుతీగ కూడ ఎరకు చక్కగా వస్తుంది. 1939లో సింహళం నుండి నీలగిరులకు, 1957లో థాయిలాండ్ నుండి మరొక రకంగా మన దేశానికి వచ్చిన ఈ చేప బురదను తవ్వి మేసే అలవాటు గలది. నీరు కలక బారుతుంది, గట్టు అంచులు కూడ దెబ్బతినవచ్చు. కనుక మితంగా వేయాలి. జిలేబీ అని మనవారు పిలిచే తిలాపియాను మాత్రం తెచ్చిపెట్టుకోవద్దు. అది చెరువులోనే అదుపు లేకుండ పిల్లలను పెట్టి, కొద్దికాలంలోనే అరచేతి మందమైనా లేని చేపలతో చెరువును నింపుతుంది.

పిల్ల పరిమాణం అన్నింటికంటె ముఖ్యం. ప్రభుత్వ కార్యక్రమంలో ఆరునెలలపాటు నీరుండే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగునా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్ణయించారు. చందా డబ్బుతో కొనేవారు తక్కువ ధరకు ఎక్కువ సంఖ్య వస్తుందని చిన్నపిల్లల వైపు మొగ్గుతారు. వాలుగ, కొర్రమీను, మట్టగిడస ఉన్న పాత చెరువులో ఆ చిన్నపిల్లలు వాటికి వడ్డించిన విస్తరి. చేపల పెంపకం గుంటలలో వలె ఇప్పచెక్క వేసి వాటిని తొలగించడం పశువులు నీరు త్రాగే ఊరి చెరువులో తగదు. కనుక సంఖ్య సగానికి తగ్గినా వేలెడు పొడవున్న పిల్లనే కొనాలని నా సలహా. హెక్టారుకు 3,000 చొప్పున లెక్కవేసుకొంటే, సుమారు నాలుగు హెక్టార్లు, అంటే పది ఎకరాల నీటి విస్తీర్ణానికి 12,000 పిల్లలు. ఈ విస్తీర్ణాన్ని అలుగు పారేనాటి లెక్కతో కాక సంక్రాంతినాటి నీటితో కట్టుకోవాలి.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి గార్లు ప్రేరణ పద్ధతిలో మన చేపల చేత గుడ్లు పెట్టించడంలో సఫలులు కాకపోయి ఉంటే, నేటికీ నదులలో ఏరిన పిల్లల కోసం ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఏరుడు పిల్లలలో ఏది శీలావతో ఏది వాలుగో తెలిసేది కాదు. నేడు కైకలూరు మొదలైన ప్రాంతాల నుండి రకం ప్రకారం పిల్లలు దొరుకుతున్నాయి. అమ్మే వర్తకులకు ఒక మనవి. పిల్లలను పంపే ముందు ఒక రోజు మేత నిలిపివేసి, సంచిలో మూడవ వంతు నీరు, మిగిలినది ప్రాణవాయువు నింపి పంపండి. కొనేవారి ఎదుటనే ఒక గిన్నెడు పిల్లలను లెక్కించి చూపండి. దిగుబడి లేనప్పుడు మొదటి అనుమానం మీ లెక్కమీదికే వస్తుంది.

వదిలే వేళ ఉదయమో సాయంత్రమో కావాలి. సంచులను ఇరవై నిమిషాలపాటు చెరువు నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా చెరువు నీరు సంచిలోనికి పోసి, పిల్లలు తామే బయటికి ఈదిపోయేలా చూడాలి. నాయకుల రాక కోసం సంచులను మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి ఉంచడం ఎన్నో చోట్ల చూస్తున్నాము. ఛాయాచిత్రం మిగులుతుంది, చేప మిగలదు. అలుగు లేక మత్తడి పొర్లే రోజులు దాటిన తరువాత వదలడం క్షేమం. అప్పటికీ మత్తడికి, తూముకు వెదురు తడికలు కట్టనిదే పిల్లలు క్రింది ఊరి చెరువుకు చేరుతాయి.

వదిలిన తరువాత

ముసురు పట్టిన రోజులలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటే నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గ్రహించాలి. ఆ రోజులలో పేడగాని, ఎరువుగాని నీటిలో పడనీయరాదు. అంతకంటె పెద్ద ప్రమాదం పురుగుమందులు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు అతి స్వల్ప మోతాదులోనే చేపను చంపుతాయి. పిచికారీ డబ్బాను చెరువులో కడిగే అలవాటును మాన్పించగలవారు మందుల దుకాణదారులే. డబ్బా చేతికిచ్చే సమయంలో చెప్పిన ఒక మాట పది గోడ ప్రకటనలకంటె బలమైనది. విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం.

ఇక కుటుంబాలు గట్టుకు వచ్చే చోటును గురించి. పూడిక తీసినప్పుడు యంత్రాలు త్రవ్విన నిట్టనిలువు గుంటలు నీటి క్రింద కనబడవు. మోకాలి లోతు నీటిలో నిలబడిన పిల్లవాడు మరొక అడుగు వేస్తే నిలువు లోతులో పడతాడు. వేసవిలో చెరువు ఎండి గుంటలు కంటికి కనబడుతున్న రోజులలోనే, గాలాల జాగాకు దగ్గరలో గుంట లేదని పెద్దలు స్వయంగా నడిచి చూడాలి. ఒడ్డున ఒక పొడవాటి మోకు, గాలి నింపిన లారీ ట్యూబు రెండు ఎల్లప్పుడూ ఉంచాలి. చేపపిల్లల ఖర్చుతో పోల్చితే ఇది లెక్కలోనికి రాదు.

బ్యాంకు పాత్ర

వినోదానికి చేపపిల్లలు కొనడానికి రుణం ఇవ్వండని అడిగేవారు ఉన్నారు. తిరిగి రాబడి లేని పనికి బ్యాంకు రుణం ఇవ్వజాలదు, ఇవ్వడం మీకూ మేలు కాదు. అది చందాతోనే జరగాలి. సంఘ సభ్యుని సంగతి వేరు. 2018–19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని చేపల పెంపకందారులకు, మత్స్యకారులకు కూడ విస్తరింపజేశారు. చేపపిల్లలు, మేత, పట్టుబడి ఖర్చులకు ఇది పనికివస్తుంది. హామీ ఆస్తి లేకుండ ఇచ్చే వ్యవసాయ, అనుబంధ రుణాల పరిమితి 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయలకు పెరిగినది. వలలు, తెప్ప, మంచుపెట్టె అమర్చిన ద్విచక్ర వాహనం వంటివాటికి కాలపరిమితి రుణాన్ని విడిగా అడగవచ్చును. దరఖాస్తుతోపాటు సంఘ సభ్యత్వ పత్రము, చెరువు కౌలు పత్రము తప్పక జతపరచాలి.

గ్రామసభలో కుదిరిన గాలాల ఒప్పందం ఉన్నట్లయితే దాని నకలును కూడ జతచేయండి. చీటీ రుసుము చిన్న మొత్తమే అయినా అది సంఘానికి వారంవారం వచ్చే ఆదాయం. పట్టుబడి చేతికి వచ్చేదాక సంఘం చేతిలో చిల్లర ఎలా తిరుగుతున్నదో చూపే కాగితం అదొక్కటే. మృగశిర దాటి తొలి వానలు పడేలోగా చెరువు కౌలు సంగతి తేల్చుకొని శాఖకు వచ్చినవారికి, పిల్లలు కొనే ఆగస్టు నాటికి కార్డు చేతికి అందేందుకు వ్యవధి ఉంటుంది.