తిరుగుబాటు హీరో ఇంటావిడ

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మీరేం చదువుతారు? నేనీమధ్య మా అబ్బాయి తెచ్చిన రాబర్ట్ మిచ్చమ్ జీవితచరిత్ర పట్టుకున్నాను. లీ సర్వర్ రాసింది, 2001లో వచ్చింది. ఇంగ్లీషే! నా ఇంటర్ చదువుకి పక్కన నిఘంటువు ఉండాల్సిందే. ఓరోజు పప్పు కూడా అడుగంటింది.

పాపం, రెండేళ్లు నిండకుండానే మిచ్చమ్ తండ్రి రైలు ప్రమాదంలో పోయాడు. పద్నాలుగో ఏట దేశదిమ్మరి అని జార్జియాలో పట్టుకుని, గొలుసులేసి పని చేయించారని ఆయనే చెప్పుకునేవాడట. అలాంటివాడు హాలీవుడ్ హీరో అయ్యాడు! 1948లో గంజాయి కేసు, మరుసటేడు జైలు. ఇక సినిమాలు సరి అనుకున్నారంతా. కాలేదు. 1955లో 'ది నైట్ ఆఫ్ ది హంటర్'లో విలన్‌గా హడలెత్తించాడు.

అయితే పేజీ పేజీకీ నేను వెతికింది భార్య డొరోతీ కోసం. 1940లో పెళ్లి, ముగ్గురు పిల్లలు. ఆయన తాగుడు, ఆడవాళ్లతో కబుర్లు అన్నీ పేపర్లకెక్కేవి. అయినా 1997లో ఆయన పోయేదాకా ఆ కాపురం నిలిచింది. 57 ఏళ్లండీ! ఎవరికీ తలవంచని మగాడని మనం చప్పట్లు కొడతాం సరే, ఆ ఇంట్లో పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నదెవరో? మావారినడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆవిణ్ణి మెచ్చుకోవాలో, జాలిపడాలో నాకింకా తేలలేదు. మీకేమనిపిస్తోందో ఓ ఉత్తరం ముక్క రాయరూ?