పడిపోయి కబురు చెప్పే బెండు

చెరువు గట్టున గాలం వేసిన వాళ్లందరికీ బెండు సంగతి తెలుసు. నీటి మీద కదలకుండా ఉంటే కిందికి ఏదీ రాలేదని అర్థం. సన్నగా వణికితే చిరుచేపలు ఎర కొరుకుతున్నాయి. బుడుంగున మునిగితే కర్ర ఎత్తాల్సిందే. మునగడమే బెండు ఇచ్చే కబురు. కానీ అమెరికాలోని టెన్నెసీ, కెంటకీ కొండల మధ్య జలాశయాల్లో చలికాలంలో వాడే బెండు ఇంకో రకం కబురు కూడా చెబుతుంది. చేప ఎరను నోట పెట్టుకుందంటే, అప్పటిదాకా నిటారుగా నిలబడిన బెండు పక్కకు ఒరిగి నీటి మీద పడుకుంటుంది.

తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చెబుతుండగా ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను ఈ బెండు దాకా తీసుకెళ్లింది. "చేప ఎరను పట్టుకుని కిందికి పోతే బెండు మునుగుతుంది. మరి పైకి వస్తే ఏమవుతుంది సార్?" పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్న అది, అసలైన ప్రశ్న. ఎరను కింది నుంచి అందుకుని అలాగే పైకి వచ్చే చేపలు నిజంగానే ఉన్నాయి. అలాంటి చేప కోసం, అది దాదాపు కదలని కాలం కోసం తయారైన పద్ధతే ఫ్లోట్ అండ్ ఫ్లై.

ఆ చేప స్మాల్‌మౌత్ బాస్. ఇత్తడి రంగు ఒళ్లు, దాని మీద నిలువు చారలు. చల్లటి తేట నీళ్లు, రాతి అడుగు ఉన్న చోట్లే దానికి ఇష్టం. వేసవిలో గాలానికి తగిలితే నీళ్లలోంచి గాల్లోకి ఎగిరి పోరాడుతుంది. చలికాలంలో అదే చేప కదలడానికి కూడా ఇష్టపడదు. చాలా చేపలకు సొంత ఒంటి వేడి ఉండదు, నీటి చలే వాటి చలి. నీరు 10 డిగ్రీలు చల్లబడితే ఒంట్లో జీవక్రియ సుమారు సగానికి పడిపోతుంది. ఆకలీ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. ఎర వెంట పరుగెత్తితే ఖర్చయ్యే శక్తి, దాన్ని తింటే వచ్చే శక్తి కంటే ఎక్కువ కావచ్చు.

చలికాలంలో నీటి తీరు కూడా మారుతుంది. వేసవిలో పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడివిడిగా ఉంటాయి. శీతాకాలానికి పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, పొరలు కలిసిపోతాయి, పై నుంచి కింది దాకా దాదాపు ఒకే చలి పరుచుకుంటుంది. అప్పుడు బాస్ చేపలు నిటారు కొండవాలుల పక్కన, అడుగు ఇంకెంతో లోతున ఉన్నా, 8 నుంచి 14 అడుగుల లోతులో నీటి మధ్యన ఊరికే ఆగి ఉంటాయి. అదే నీటిలో థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండి రంగు చిన్న చేపల గుంపులుంటాయి. అవి చలికి బొత్తిగా ఆగలేవు. నీరు 7 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వచ్చేసరికి నీరసించి, ఉన్నచోటే ఒకసారి విదిలించి, మళ్లీ ఆగి, మెల్లగా కిందికి జారుతూ చచ్చిపోతాయి. కింద ఆగి ఉన్న బాస్‌కు అంతకంటే సులువైన తిండి లేదు. రెండు మూడు అడుగులు పైకి లేచి నోరు తెరిస్తే చాలు.

మనిషికి కష్టం ఇక్కడే వస్తుంది. చచ్చిపోతున్న షాడ్‌లా కనిపించాలంటే ఎర ఒకే లోతులో, ముందుకు రాకుండా, నిమిషాల తరబడి ఉండాలి. దారానికి ఎర కట్టి విసిరితే రెండే దారులు: లాగితే ముందుకు వస్తుంది, ఆపితే మునిగిపోతుంది. ఉన్నచోటే ఉంచడం చేతి వల్ల కాదు. ఆ పని బెండు చేస్తుంది.

సరంజామా అంతా అరచేతిలో పడుతుంది. ఎరను జిగ్ అంటారు. సీసపు తల, దానికి కొక్కెం, కొక్కెం చుట్టూ ఈకలో రోమాలో కృత్రిమ వెంట్రుకలో కట్టిన కుచ్చు. బరువు ఔన్సులో 16వ వంతు, అంటే 1.8 గ్రాములకు కాస్త తక్కువ. చలికి ప్లాస్టిక్ ఎరలు బిరుసెక్కుతాయి, ఈకలూ రోమాలూ మాత్రం కదలని నీటిలో కూడా మెత్తగా విచ్చుకుని ముడుచుకుంటాయి. జిగ్‌కు దారం కట్టే కన్నం తల పైభాగాన ఉంటుంది. ముడిని సరిగ్గా నెత్తి మీదికి జరిపి బిగిస్తే జిగ్ అడ్డంగా, చేప ఈదే భంగిమలో వేలాడుతుంది. ముడి కాస్త ముందుకు జారిందా, తల పైకి, తోక కిందికి పోయి ఉరి వేసినట్టు వేలాడుతుంది. అందుకే ఈ పద్ధతి తెలిసిన వాళ్లు ఒక్కో చేపను పట్టాక ముందు ముడిని సరిచేసుకుంటారు. ఆ పైన రెండు మూడు కిలోల బరువు మాత్రమే ఆపగల సన్నని దారం, సుమారు 10 అడుగుల ఎత్తున బెండు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. రెండున్నర సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి బెండు ఘనపరిమాణం 8 ఘన సెంటీమీటర్ల పైచిలుకు. పూర్తిగా మునిగితే 8 గ్రాములకు మించిన నీటిని పక్కకు నెడుతుంది. జిగ్ నీటిలో ఉన్నప్పుడు దాని బరువు దాదాపు 1.6 గ్రాములే. బెండు సొంత బరువు కూడా లెక్కేసుకున్నా, దాన్ని ముంచాలంటే చేప ఇంకా 5 గ్రాముల పైన బరువుకు సమానంగా కిందికి లాగాలి. వేసవి చేపకు అదొక లెక్క కాదు. చలికి మందగించిన చేప అసలు లాగనే లాగదు. కింది నుంచి వచ్చి నోరు తెరిచి నీటితో పాటు జిగ్‌ను లోపలికి పీల్చుకుని అలాగే కొంచెం పైకి లేస్తుంది. దారం వదులవుతుంది. మునగడం ఒక్కటే తెలిసిన బెండు ఆ సమయంలో ఏమీ చెప్పకుండా తేలుతూనే ఉంటుంది, చేప నోట్లో సీసం తగిలి ఉమ్మేసి వెళ్లిపోతుంది.

అందుకని బెండును పొడుగ్గా, ఒంటరిగా వదిలితే నిలబడలేని ఆకారంలో చేశారు. గురుత్వ కేంద్రం పైకి ఉన్న పొడుగు వస్తువు నీటిలో నిలువుగా ఉండలేదు, పడుకుంటుంది. దాని కింది కొనకు జిగ్ బరువు తగిలిస్తే ఆ 1.6 గ్రాములు కొనను కిందికి గుంజుతాయి, బెండు లేచి నిలబడుతుంది. తంజావూరు బొమ్మ అడుగున దాచిన బరువు దాన్ని పడనివ్వనట్టే ఇదీ. తేడా ఒక్కటే, ఇక్కడ బరువు బొమ్మ లోపల ఉండదు, 10 అడుగుల దారం చివర ఉంటుంది. దారం లాగగలదు కానీ నెట్టలేదు, వంగకుండా నిలవనూ లేదు. కాబట్టి జిగ్ ఎంత లోతున వేలాడినా దాని బలం బెండుకు దారం కట్టిన చోటే పనిచేస్తుంది. బెండుకు సంబంధించినంత వరకు బరువు దాని కాలి దగ్గరే ఉంది. చేప జిగ్‌ను ఒక్క అంగుళం ఎత్తితే చాలు, దారంలో బిగువు పోతుంది, బెండు కాలి కింది బరువు మాయమవుతుంది, అది పడుకుంటుంది. ముంచడానికి చేప శ్రమపడాలి, పడగొట్టడానికి ఆ 1.6 గ్రాములు తన నోట్లో మోస్తే చాలు.

దీన్ని తరగతి గదిలోనే చూపించవచ్చు. చిన్న ఉసిరికాయంత థర్మాకోల్ ముక్కను గుండ్రంగా చెక్కి, అందులోంచి అగరుబత్తి పుల్ల దూర్చి బకెట్ నీటిలో వేస్తే పుల్ల అడ్డంగా పడుకుంటుంది. పుల్ల కింది కొనకు దారంతో చిన్న ఇనుప నట్టు కడితే లేచి నిలబడుతుంది. ఇంకో దారంతో నట్టును పక్క నుంచి మెల్లగా పైకెత్తితే పుల్ల ఒరిగిపోతుంది. థర్మాకోల్ పెద్దదైతే దాన్ని ముంచడానికి చాలా బలం కావాలి, మరీ చిన్నదైతే నట్టుతో పాటు మునిగిపోతుంది. ఈ రెంటి మధ్యనున్న ఇరుకైన కొలతను వెతికి పట్టుకోవడంలోనే ఈ పరికరం గొప్పతనమంతా ఉంది.

పడవ నుంచి విసిరిన తొలి క్షణాల్లో కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. బెండు నీటి మీద పడగానే పడుకునే ఉంటుంది, ఎందుకంటే జిగ్ ఇంకా కిందికి దిగుతోంది, దారం బిగియలేదు. జిగ్ తన లోతుకు చేరి దారం నిలువైన తర్వాతే బెండు లేస్తుంది. చాలాసేపటికీ లేవలేదంటే జిగ్ ఏ రాతి మీదో ఆగిందన్నమాట, లేదా దారిలోనే చేప అందుకుందన్నమాట.

బెండు చేసే మరో పని అల నుంచి వస్తుంది. నీటి మీద అల కదలిక లోతుకు పోయేకొద్దీ చాలా త్వరగా చచ్చిపోతుంది. ఒక అల శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరంలో సగం లోతుకు దిగితే పైనున్న కదలికలో 4 శాతం మాత్రమే మిగులుతుంది. మీటరు పొడవున్న చిరుఅల అర మీటరు లోతుకే దాదాపు ఆగిపోతుంది. జిగ్ ఉన్న 3 మీటర్ల లోతులో నీరు నిశ్చలం. కానీ పైన బెండు అలతో పాటు లేస్తుంది, దారం ఆ లేపును నేరుగా కిందికి చేరవేస్తుంది, నిశ్చలమైన నీటిలో జిగ్ ఒక్కసారి పైకి ఎగురుతుంది. అల దిగినప్పుడు దారం జిగ్‌ను కిందికి నెట్టలేదు కదా, ఈకల కుచ్చు నీటిని అడ్డుకోవడంతో జిగ్ తన తీరున మెల్లగా జారుతుంది. పైకి చురుకుగా, కిందికి నిదానంగా. చావుకు దగ్గరైన షాడ్ విదిలించి జారే తీరు కచ్చితంగా ఇదే. గాలి కొద్దిగా వీచే రోజున రాడ్డు పట్టుకున్న చేయి ఏమీ చేయనక్కర్లేదు, పనంతా గాలిదే.

బెండును దారానికి ఎలా బిగించాలన్న దగ్గర రెండు పక్షాలున్నాయి. దారానికి కదలకుండా కట్టేసే బెండు ఒకటి, దారం తన గుండా జారిపోతుండగా పైన కట్టిన చిన్న ఆపుడు ముడి దగ్గర మాత్రం ఆగే బెండు ఇంకొకటి. కట్టేసిన బెండుతో పెద్ద చిక్కుంది. రాడ్డు కొన దగ్గరికి బెండు రాగానే రీలు ఇక తిరగదు, ఎర ఇంకా 10 అడుగుల కిందే వేలాడుతుంటుంది. మామూలు ఆరేడు అడుగుల రాడ్డుతో దాన్ని విసరడమూ కష్టమే, తగిలిన చేపను చేతికి తెచ్చుకోవడమూ కష్టమే. అందుకే ఈ పద్ధతికి ఎనిమిదిన్నర అడుగుల నుంచి 10 అడుగుల దాకా పొడుగున్న మెత్తటి రాడ్లు వచ్చాయి. జారే బెండుకు ఆ బెడద లేదు, ఆపుడు ముడి రాడ్డు రింగుల్లోంచి దూరి రీలులోకి వెళ్లిపోతుంది. అయినా నా ఓటు కట్టేసిన బెండుకే. రాడ్డు కొన ఆడించినప్పుడు జారే బెండులో దారం దాని గుండా లాగబడి జిగ్ తన లోతు వదిలి పైకి లేస్తుంది. రెండు గ్రాములు కూడా లేని జిగ్ ఆ దారాన్ని తిరిగి కిందికి లాక్కోవడానికి చాలా సమయం పడుతుంది. కట్టేసిన బెండులో లోతు మారదు, వణుకు మాత్రమే కిందికి వెళుతుంది. ఇక్కడ కావాల్సింది అదే.

బెండు పుట్టుక చాలా పాతది. జూలియానా బెర్నర్స్ పేరుతో చెలామణి అయ్యే, ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట పుస్తకంలోనే కాల్చిన ఇనుప కడ్డీతో కార్కుకు బెజ్జం చేసి ఈక కాడ దూర్చే తీరు ఉంది. పడుకునే బెండు ఆలోచన కూడా టెన్నెసీది మాత్రమే కాదు. టెంచ్ అనే చేప కోసం ఇంగ్లండులో ఫ్రెడ్ జె. టేలర్, ఆయన సోదరులు ప్రచారంలోకి తెచ్చిన 'లిఫ్ట్' పద్ధతిదీ ఇదే సూత్రం, అక్కడ బెండు నెమలి ఈక కాడ. ఫ్లోట్ అండ్ ఫ్లై మాత్రం తూర్పు టెన్నెసీ కొండ జలాశయాల్లో రూపుదిద్దుకుని, 1943లో ఓబీ నది మీద ఆనకట్ట పూర్తయ్యాక ఏర్పడిన డేల్ హాలో లాంటి చోట్ల పేరు తెచ్చుకుని, అక్కణ్నుంచి తేట నీళ్ల జలాశయాలున్న ఇతర రాష్ట్రాలకు పాకింది. 1955లో డేవిడ్ హేస్ 11 పౌండ్ల 15 ఔన్సుల ప్రపంచ రికార్డు స్మాల్‌మౌత్‌ను పట్టింది డేల్ హాలోలోనే, అయితే అది వేసవిలో, వేరే పద్ధతిలో.

2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ అనే సోనార్ పరికరం వచ్చాక పడవ ముందున్న చేపను, దాని ముందు వేలాడే జిగ్‌ను తెర మీద అప్పటికప్పుడు చూడగలుగుతున్నారు. చేప ఏ లోతులో ఉందో ఇక ఊహించనక్కర్లేదు. కానీ ఆ లోతులో 1.8 గ్రాముల ఎరను నిలబెట్టి ఉంచే పని తెర చేయలేదు, దాన్ని ఇంకా బెండే చేస్తోంది. బలం పెరిగితే పలికే పరికరాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఉన్న బలం తొలగినా పలకాలంటే పరికరానికి ముందే కొంత బరువు మోపి, పడిపోవడానికి సిద్ధంగా నిలబెట్టాలి. అప్పుడే అది రెండు వైపులా కొలవగలుగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేటప్పుడు తేలడం, మునగడం అని రెండు మాటలతో ఆపేస్తాం. నిలబడటం, పడిపోవడం కూడా ఆ పాఠంలో చేర్చాలి. పరికరాలు తయారుచేయాలనుకునే పిల్లలకు ఎక్కువగా పనికొచ్చేది ఆ రెండో సగమే.