చేతిలోని ఫోనును, ఊరి గ్రంథాలయమును



మన అన్నోజిగూడ ఉప్పలునుండి వరంగల్లు పోవు రాజమార్గముమీది యూరు. ఒకవైపు ఘట్‌కేసరు, మఱియొకవైపు పోచారమునందలి ఇన్ఫోసిస్ వారి కార్యాలయములు. పూర్వము పైరులుండిన నేలలు పెక్కు నేడు ఇండ్లస్థలములైనవి. మిగిలిన మడులలో పనిచేయు రైతు ఒకచేత పారను, మఱియొకచేత ఫోనును పట్టుకొని గట్టుపై నిలిచియుండుట మేము దినదినము చూచుచున్నాము. ఈ ఫోను వలన మేలా కీడా యని పలువురు మమ్మడుగుచున్నారు. ఫోనుండగా ఇక గ్రంథాలయ మెందుకని మఱికొందఱు అడుగుచున్నారు. ఈ రెండు ప్రశ్నలకును మాకు తెలిసినంతవఱకు సమాధానము వ్రాయుచున్నాము.

ఫోనులో నున్నదేమి?

మొదట ఒక సంగతి గ్రహింపవలయును. మనకు కావలసిన విషయములు ఫోనులో లేవు. అది తలుపు మాత్రమే. మనమొక మాట యడిగినచో నది రేడియో తరంగములుగా మాఱి సమీపమందలి టవరును చేరును. అచ్చటినుండి భూమిలో పాతిన గాజునారల తీగలలో వెలుగురూపమున పయనించి, ఎక్కడనో వేలకొలది యంత్రములు పేర్చిన గిడ్డంగికి పోవును. అచ్చట నిలువయున్న సమాచారము అదేవిధమున తిరిగివచ్చి తెఱపై కనబడును. ఇదంతయు ఱెప్పపాటున జరుగును.

మనదేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన జరిగినది. అదే యేట ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్యజనులకు లభించినది. అయినను 2016 సెప్టెంబరు తరువాత దాని వెల తగ్గిన పిమ్మటనే అది పల్లెలలో ఇంటింట ప్రవేశించినది.

గ్రంథాలయమునందు పుస్తకములను విషయము ననుసరించి అలమరలలో నుంచుదురు. వ్యవసాయ మొకచోట, వైద్య మొకచోట, చరిత్ర మఱియొకచోట నుండును. ఫోనులో వీడియోలను వరుసబెట్టి మనముందుంచునది లెక్కలుకట్టు యంత్రము. మనము దేనిని ఎంతసేపు చూచితిమో గుర్తుంచుకొని, అట్టివానినే అది మరల మరల తెచ్చిపెట్టును. దాని యజమానులకు రాబడి ప్రకటనల వలన కలుగును. కావున మనము ఎంతసేపు చూచితిమను దానినే యది కొలుచును. మన మడి పండినదో యెండినదో దానికి పట్టదు.

మేము పడిన పొరపాటు

ఇతరులకు బుద్ధిచెప్పుటకు ముందు మా పొరపాటు చెప్పుకొనుట న్యాయము. రెండేండ్ల క్రిందట వేసవిలో ఒక రైతునకు టొమాటో తోటకు నీటివరుస చెప్పవలసివచ్చెను. మేము ఫోనులో ఒక వీడియో చూచితిమి. చెప్పినవాడు అనుభవశాలియే. అతని తోట నిండుగా కాసియుండెను. పదిదినముల కొక తడి చాలునని యతడు చెప్పగా, మేమును అట్లే చెప్పితిమి. మూడు వారములలో పూత రాలెను. నిలిచిన కాయల అడుగున నల్లని మచ్చలేర్పడి కుళ్లసాగెను. రైతు దానిని తెగులని తలచి మందు కొనుటకు బయలుదేఱెను.

అప్పుడు మేము బీరువాలోని పాత వ్యవసాయ సంచికలు తీసి చూడగా సంగతి బోధపడెను. వీడియోలోని తోట నల్లరేగడి నేలలోనిది. కాలము చలికాలము. మా రైతుది చల్కనేల. కాలము నడివేసవి. చల్క తేమను నిలుపుకొనజాలదు. టొమాటోకు చలికాలమున ఏడు మొదలు పది దినములకును, వేసవిలో అయిదాఱు దినములకును తడి యీయవలెనని ఆ సంచికలో స్పష్టముగా నుండెను. నేల ఒకమారు మిక్కిలి ఎండి, మఱియొకమారు మిక్కిలి తడిసినచో సున్నపుధాతువు కాయకు సరిగా అందదు. అడుగు కుళ్లుటకు కారణమదియే. అది మందు చల్లిన పోదు. తడి సరిచేసినచో తరువాతి కాయలు బాగుండును. అట్లే యయ్యెను గాని, మొదటి రెండు కోతలు పోయినవి. ఆ నష్టము మా మాట వలన కలిగినదని రైతుముందు ఒప్పుకొంటిమి.

చిన్ననాడు మిషను పాఠశాలలో విత్తువాని ఉపమానము ఎన్నియో మారులు వింటిమి. విత్తనమొక్కటే యైనను రాతినేలను పడినదానికిని, మంచినేలను పడినదానికిని ఫలము వేఱు. సలహాయు విత్తనము వంటిదే. అది ఏ నేలకు, ఏ కాలమునకు చెప్పబడినదో తెలియక చల్లరాదు.

గ్రంథాలయము మనకెట్లు వచ్చినది?

హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 సెప్టెంబరు 1వ తేదీన స్థాపింపబడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు అందుకు పాటుపడిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో నెలకొల్పబడిన విజ్ఞానచంద్రికామండలి వారు చరిత్రమును, శాస్త్రములను తెలుగున అచ్చువేసిరి. కోస్తా జిల్లాలలో పాతూరి నాగభూషణముగారు 1935లో పుస్తకములను పడవలో నెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. పుస్తకము చదువరి కడకు తానే పోవలెనని ఆనాటివారు తలచిరి. ఈ విషయమున నేటి ఫోను ఆ పడవకు తోబుట్టువే.

నిజాము రాజ్యమున దక్కన్ రేడియో యుండెను. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరెను. ఊరికొక రేడియో యున్న దినములలో రైతులు దానిచుట్టు చేరి విని, విన్నదానిని తర్కించుచుండిరి. అది మన నేలకు పనికిరాదని యొక ముసలిరైతు అనినచో అందఱును వినెడివారు. ఫోను వినుట ఒంటరిగా జరుగును. ప్రక్కనుండి కాదనువాడు లేడు. మాకు తోచినంతలో ఫోనువలని పెద్దలోప మిదియే.

ఫోను చేయగల మేలు

అంతమాత్రమున ఫోనును నిందింపరాదు. వాన రాకను పుస్తకము చెప్పజాలదు. వాతావరణశాఖవారి మేఘదూత్ యాపు వారమునకు రెండు మారులు జిల్లాల వారీగా వ్యవసాయ సూచనల నిచ్చును. 2004లో ఆరంభమైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 అను అంకెపై రుసుము లేక మాటలాడి తెలుగుననే సమాధానము పొందవచ్చును. తెగులుపట్టిన ఆకును ఫొటోతీసి శాస్త్రజ్ఞునకు క్షణములో పంపవచ్చును. అక్షరము రానివారును చెవులతో నేర్చుకొనవచ్చును. ఇది చిన్న లాభము కాదు.

పాతపుస్తకములును నేడు ఫోనులో దొరకును. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలవారు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా క్రింద వేలకొలది తెలుగు గ్రంథముల పుటలను ఫొటోలు తీసి యుంచిరి. కొన్ని యేండ్లకు ఆ వెబ్‌సైటు మూతపడెను. పుస్తకాభిమానులు వానిలో అనేకములను ముందే ఇంటర్నెట్ ఆర్కైవునందు భద్రపఱచుటచే అవి నిలిచినవి. తెఱపైనున్నది ఎల్లకాలము నుండునని నమ్మరాదు. దానినిగూడ కాచువాడొకడు కావలెను.

ఇక నగరమున చిక్కడపల్లి గ్రంథాలయమును చూడుడు. పోటీపరీక్షలకు చదువు యువకులతో అది నిండియుండును. వారిలో ఫోను లేనివాడు అరుదు. అయినను వత్తురు. కూర్చుండుటకు చోటు, నిశ్శబ్దము, తోడిచదువరుల సాంగత్యము ఫోనులో లేవు గదా.

క్రొత్త వడ్డీవ్యాపారి

సహకారసంఘమువారము గనుక ఈ యొక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. 1904లో మనదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతును వడ్డీవ్యాపారి చేతినుండి తప్పించుటకు. నేడా వ్యాపారి యాపు వేషమున మరల వచ్చినాడు. కాగితములు లేకుండ నిమిషములో అప్పిత్తు ననును. రుసుమని కొంతసొమ్ము ముందే కోసికొనును. వారము దినములలో మొత్తము కట్టుమనును. పూర్వపు వ్యాపారి భూమిని తాకట్టు పెట్టుకొనెడివాడు. ఇతడు మన ఫోనులోని బంధుమిత్రుల అంకెలను, మన ఫొటోలను తాకట్టు పెట్టుకొనును. బాకీ ఆలస్యమైనచో వారందఱకు అవమానకరములగు సందేశములు పంపును. 2020లో తెలంగాణమున ఇట్టి వేధింపులకు తాళజాలక కొందఱు ప్రాణములు విడిచిరి. అప్పు కావలసిన సభ్యుడు సిగ్గుపడక మొదట సంఘము గడప తొక్కవలెను. మోసపోయినవాడు ఆలస్యము చేయక 1930 అను అంకెకు ఫోను చేయవలెను.

సభ్యులు చేయదగిన పనులు

ఒకటి: ఫోనులో ఏ సలహా వినినను నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పినవా డెవరు? ఏ నేలకు చెప్పెను? ఏ కాలమునకు చెప్పెను? చివర ఏదైన సరకు అమ్మజూచుచున్నాడా?

రెండు: క్రొత్తపద్ధతిని మొదట రెండు సాళ్లలో చేసి చూచి, పిదప చేనంతట చేయుడు.

మూడు: మందు మోతాదును వీడియోనుబట్టి గాక, డబ్బాపైని చీటినిబట్టి కలుపుడు. చీటి చదువరానివారు బడిపిల్లలచేత చదివించుకొనుడు.

నాలుగు: వారమున కొక సాయంకాలము గ్రంథాలయమున గాని సంఘపు గదిలో గాని కూడి, ఎవరెవరు ఏమేమి చూచిరో చెప్పుకొనుడు. మంచిదని తేలినదానిని, నేలయు కాలమును చేర్చి ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. అయిదేండ్లలో మన యూరికి తగిన వ్యవసాయగ్రంథము అదే యగును.

అయిదు: మన మిచ్చు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చట్టప్రకారము వసూలగుచున్నవి. ఆ సొమ్ము గ్రంథాలయమునకు చేరినదా, దానితో ఏ పుస్తకములు వచ్చినవి యని అడుగుట మన హక్కు. అడుగనివానికి అలమర ఖాళీగానే యుండును.

ఆ టొమాటో రైతు నేటికిని ఫోను చూచుచునే యున్నాడు, మేమును చూచుచునే యున్నాము. ఇప్పుడు మాత్రము, చూచినదానిని సంచికతోను, చల్కనేలతోను సరిపోల్చక నీరు వదలుట లేదు. గతవేసవిని అతని తోటలో కాయ అడుగు కుళ్లలేదు.