ఐబాన్ నంబర్‌కు కాపలా కాసే 97

సౌదీలోనో దుబాయ్‌లోనో మనవాళ్లు ఉన్న ఇళ్లలో ఐబాన్ అనే మాట కొత్తది కాదు. జీతం పడాలన్నా, అక్కడే ఉన్న భాయ్ ఖాతాలో డబ్బు వేయాలన్నా ఆ పొడుగాటి నంబరే అడుగుతారు. సౌదీది ఎస్‌ఏతో మొదలై 24 అక్షరాలు, యూఏఈది ఏఈతో మొదలై 23. అందులో ఒక్క అంకె తప్పు కొట్టి చూడండి, యాప్ వెంటనే చెల్లదు అంటుంది. బ్యాంకును అడిగి కాదు, లెక్క చేసి చెబుతుంది. ఆ లెక్క 97 మీద నడుస్తుంది.

97 ప్రధాన సంఖ్య. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ముఫ్రద్ అదద్. దానికి 1, 97 తప్ప వేరే కారణాంకాలు లేవు. 97, 194, 291... ఇవి దాని గుణిజాలు. ఇంతవరకు బడి పాఠమే. అసలు బలం ఇంకోచోట ఉంది. రెండు సంఖ్యల లబ్ధం ఒక ప్రధాన సంఖ్యతో భాగించబడితే, ఆ రెండింట్లో ఒకటైనా దానితో భాగించబడి తీరాలి. ప్రధానం కాని సంఖ్యకు ఈ గ్యారంటీ లేదు. 4ను 9తో గుణిస్తే 36. అది 6తో భాగించబడుతుంది, కానీ 4 గానీ 9 గానీ భాగించబడవు. 6లోని 2 ఒకచోట, 3 ఇంకోచోట దొరికాయి, అంతే.

ఐబాన్‌లో మొదటి నాలుగు అక్షరాలను చివరకు జరుపుతారు. ఏ అంటే 10, బీ అంటే 11, అలా జెడ్ 35 వరకు అంకెలుగా మారుస్తారు. వచ్చిన పెద్ద సంఖ్యను 97తో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే నంబర్ తప్పు.

ఇప్పుడు ఒక అంకె తప్పు పడిందనుకోండి. లక్షల స్థానంలో 2 బదులు 5 కొట్టారు. తేడా 3,00,000. శేషం మారకూడదంటే ఈ తేడా 97కి గుణిజం కావాలి. కాదు, 76 మిగులుతుంది. తేడా ఎప్పుడూ 1 నుంచి 9 లోపు అంకెను 10, 100, 1000 లాంటి దానితో గుణించిందే. వాటిలో దేనికీ 97 కారణాంకం కాదు, కాబట్టి ఒక్క అంకె తప్పు ఎక్కడ పడినా దొరుకుతుంది. అదే 97 బదులు 96 పెట్టి ఉంటే? 96ను 3125తో గుణిస్తే సరిగ్గా 3,00,000. తప్పు హాయిగా దాటిపోయేది.

పక్కపక్క అంకెలు తారుమారైనా అంతే. అప్పుడు తేడాలో అదనంగా ఒక 9 చేరుతుంది, 97కి దానితోనూ పని లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు నుంచి వచ్చే డబ్బా కావచ్చు, కిరాణా షాపు బిస్కెట్ ప్యాకెట్ కావచ్చు, 13 అంకెల బార్‌కోడ్ ఉంటే చూడండి. అక్కడ అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కలిపితే మొత్తం 10కి గుణిజం కావాలి. 10 అంటే 2, 5ల లబ్ధం, ప్రధానం కాదు. 16ను 61గా రాస్తే ఒక వైపు 1+18, అంటే 19. ఇంకో వైపు 6+3, అంటే 9. తేడా సరిగ్గా 10, తప్పు దొరకదు. స్కానర్ చదివే చోట పర్వాలేదు గానీ, చేత్తో టైప్ చేసే ఖాతా నంబర్‌కు ఇది చాలదని నా అభిప్రాయం.

97 చేయలేని పని కూడా ఉంది. నంబర్ సరిగా ఉందని చెబుతుందే తప్ప ఎవరిదో చెప్పదు. వాట్సాప్‌లో ఇంకొకరి ఐబాన్ కాపీ చేస్తే అది దర్జాగా పాస్ అవుతుంది.

మన దేశంలో ఐబాన్ లేదు, ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వాడతాం. అందుకే నంబర్‌ను రెండుసార్లు టైప్ చేయమంటారు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ 1లోగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. తెర మీద ఆ పేరు కనిపించాకే ఓకే నొక్కండి.