పికప్ ట్రక్కు తొట్టి: ఉక్కు, అల్యూమినియం, కాంపోజిట్ – అపోహలు, వాస్తవాలు

పికప్ ట్రక్కులో క్యాబిన్ వెనుక సరుకు వేసే తెరిచిన తొట్టిని బెడ్ అంటారు. ఇసుక పోసినా, ఇటుకలు విసిరినా, మోటారు సైకిలు ఎక్కించినా దెబ్బ ముందు దాని మీదే పడుతుంది. తొలినాళ్లలో తొట్టి అడుగున చెక్క పలకలు ఉండేవి. తర్వాత చాలాకాలం ఉక్కు రేకే రాజ్యమేలింది. ఇప్పుడు అమెరికా మార్కెట్లో ఉక్కు, అల్యూమినియం, కాంపోజిట్ అనే మూడు రకాల తొట్లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఘనపు సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములు, గాజునార కలిపిన కాంపోజిట్ దాదాపు 1.9 గ్రాములు. ఏది మేలన్న వాదనలో నిజాలతో పాటు అపోహలూ చాలానే కలిసిపోయాయి.

అపోహ 1: కాంపోజిట్ అంటే మామూలు ప్లాస్టిక్కే.

వాస్తవం: ప్లాస్టిక్ బకెట్టులో ఉండేది ఒకే పదార్థం. కాంపోజిట్‌లో బరువు మోసే నార ఒకటి, ఆ నారను పట్టి ఉంచే రెసిన్ ఒకటి, రెండూ వేర్వేరుగా ఉంటాయి. పికప్ తొట్లలో ఎక్కువగా వాడేది షీట్ మౌల్డింగ్ కాంపౌండ్, పొట్టిగా ఎస్ఎంసీ. అంగుళం పొడవున్న గాజునార ముక్కలను, సున్నపురాయి పొడిని పాలిస్టర్ లేదా వినైల్ ఎస్టర్ రెసిన్‌తో కలిపి మెత్తని షీటుగా తయారు చేస్తారు. దాన్ని దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న ఉక్కు అచ్చులో భారీ ప్రెస్సుతో నొక్కుతారు. రెసిన్ ఒకసారి గట్టిపడిందంటే మళ్లీ ఎంత వేడి చేసినా కరగదు.

అపోహ 2: ఇది నిన్నమొన్నటి ప్రయోగం, నమ్మడానికి లేదు.

వాస్తవం: వాహనాల్లో గాజునార వాడకం పాతదే. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ కారు బాడీ గాజునారతో చేసిందే. పికప్‌ల విషయానికొస్తే జనరల్ మోటార్స్ 2001 సిల్వరాడోకు కాంపోజిట్ తొట్టిని అదనపు ధరకు ఇచ్చింది. కొనేవారు తక్కువ కావడంతో కొన్నేళ్లకే మానేసింది. టొయోటా మాత్రం 2005 మోడల్ టకోమాకు ఎస్ఎంసీ తొట్టిని అమర్చింది. హోండా రిడ్జ్‌లైన్ కూడా 2005లో అమ్మకానికి వచ్చింది మొదలు కాంపోజిట్ తొట్టితోనే నడుస్తోంది. 2022 మోడల్ టొయోటా టండ్రాలో కాంపోజిట్ తొట్టికి అల్యూమినియం అడ్డపట్టీల ఊతం ఇచ్చారు. ఈ పదార్థం ఎండలో, మంచులో, సరుకుల కింద ఇరవై ఏళ్లు దాటి పనిచేసింది.

అపోహ 3: తొట్టి కాంపోజిట్ అయితే ట్రక్కుకు తుప్పు బెడదే ఉండదు.

వాస్తవం: కాంపోజిట్ తొట్టి అన్నప్పుడు సాధారణంగా లోపలి భాగం, అంటే అడుగు, లోపలి గోడలు మాత్రమే కాంపోజిట్. టకోమా 2005 మోడల్లో బయట కనిపించే పక్క పలకలు ఉక్కువే. తొట్టి కూర్చునే ఫ్రేమ్ (ఛాసీ) కూడా ఉక్కే. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ముందుగా తినేది ఈ ఫ్రేమునే. తొట్టి కొత్తదానిలా మెరుస్తున్నా, బండి కిందికి వంగి ఫ్రేమును చూడక తప్పదు.

అపోహ 4: అల్యూమినియంకు తుప్పు పట్టదు కనుక దిగులు లేదు.

వాస్తవం: గాలి తగలగానే అల్యూమినియం మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే ఉక్కులా ఎర్రగా తుప్పు పట్టదు. అయితే ఉక్కు బోల్టు, అల్యూమినియం రేకు ఒకదానికొకటి తగిలి, మధ్య ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ లాంటిది తయారవుతుంది. ఆ చర్యలో కరిగిపోయేది అల్యూమినియమే. దీన్ని గాల్వానిక్ తుప్పు అంటారు. అందుకే ఇలాంటి చోట్ల పూత పూసిన బోల్టులు, లోహాలను విడదీసే వాషర్లు, సీలెంట్ వాడతారు. గాజునార విద్యుత్తును ప్రసారం చేయదు కనుక దానితో ఈ చిక్కు లేదు. కార్బన్ నార మాత్రం ప్రసారం చేస్తుంది. దాన్ని లోహానికి బిగించేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

అపోహ 5: అల్యూమినియం తొట్టి కూల్‌డ్రింక్ డబ్బాలా నలిగిపోతుంది.

వాస్తవం: డబ్బా గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు. ఫోర్డ్ 2015 మోడల్ ఎఫ్-150కి వాడింది 6000 శ్రేణి మిశ్రలోహం. ఇది వేడితో బలం పెంచుకునే రకం. ఉక్కు రేకు కన్నా మందంగా కూడా వాడతారు. బాడీని, తొట్టిని అల్యూమినియంకు మార్చడం వంటి మార్పులతో ట్రక్కు బరువు 700 పౌండ్ల వరకు, అంటే దాదాపు 318 కిలోలు తగ్గిందని ఫోర్డ్ ప్రకటించింది. ఫ్రేము మాత్రం ఉక్కుగానే ఉంది.

అపోహ 6: గట్టిదనంలో ఉక్కుకు సాటి లేదు.

వాస్తవం: బిగువులో, అంటే వంగకుండా నిలబడటంలో ఉక్కు ముందుంది. ఒకే మందానికి అల్యూమినియం బిగువు దానిలో మూడో వంతే, ఎస్ఎంసీది ఇంకా తక్కువ. ఈ లోటును మందం పెంచి, అడుగున గాడులు, పక్కటెముకల వంటి పట్టీలు తీర్చి పూడుస్తారు. కనుక తొట్టి బలం పదార్థంతో పాటు దాన్ని మలిచిన తీరు మీద కూడా ఆధారపడుతుంది.

దెబ్బ తగిలినప్పుడు అసలు తేడా బయటపడుతుంది. 2016లో షెవర్లే ఒక ప్రకటనలో 825 పౌండ్ల కాంక్రీటు దిమ్మెలను ఉక్కు తొట్టిలోకి, పోటీ సంస్థ ఫోర్డ్ అల్యూమినియం తొట్టిలోకి గుమ్మరించి చూపించింది. ఉక్కుకు సొట్టలు పడ్డాయి, అల్యూమినియంకు చిల్లులు పడ్డాయి. అది అమ్మకం కోసం తీసిన ప్రకటనే అయినా, కోణంగా ఉన్న బరువు ఒకే చోట పడితే అల్యూమినియం రేకు చిరగవచ్చన్నది నిజం. ఉక్కు విరిగేలోపు బాగా సాగుతుంది, అందుకే సొట్టతో సరిపెట్టుకుంటుంది. కాంపోజిట్‌కు సొట్ట పడదు. చిన్న దెబ్బకు వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, హద్దు దాటితే పగులుతుంది. ఆ పగులు ఒక్కోసారి పైకి కనబడదు. అనుమానం వచ్చిన చోట నాణెంతో తడితే, లోపల పొరలు విడిపోయిన భాగం బోలుగా మోగుతుంది.

అపోహ 7: ఉక్కు తొట్టి ఉంటేనే ఎక్కువ బరువు వేయొచ్చు.

వాస్తవం: ఎంత బరువు వేయొచ్చో తేల్చేవి ఫ్రేము, స్ప్రింగులు, ఇరుసులు, టైర్లు, బ్రేకులు. తయారీ సంస్థ బండికీ సరుకుకూ కలిపి మొత్తం బరువుకు ఒక హద్దు పెడుతుంది. తొట్టి తేలికైతే ఆ హద్దులో సరుకు వాటా పెరుగుతుంది. జనరల్ మోటార్స్‌కే చెందిన జీఎంసీ 2019లో సియెర్రా డెనాలీ పికప్‌కు తెచ్చిన కార్బన్ నార తొట్టి ఉక్కు తొట్టి కన్నా 62 పౌండ్లు, అంటే 28 కిలోలు తేలిక. కాకపోతే కార్బన్ నార ఖరీదు చాలా ఎక్కువ.

అపోహ 8: కాంపోజిట్ ఎండకు మెత్తబడి పాడైపోతుంది.

వాస్తవం: ఎస్ఎంసీ ఎండ వేడికి కరగదు. అతినీలలోహిత కిరణాలు మాత్రం రక్షణ లేని రెసిన్ పైపొరను క్రమంగా దెబ్బతీస్తాయి. రంగు వెలిసి, వేలితో రాస్తే సుద్ద పొడిలా రాలుతుంది. దీన్ని ఆపడానికి నల్లటి కార్బన్ పొడిని, ఆ కిరణాలను తట్టుకునే రసాయనాలను కలుపుతారు. పైగా కాంపోజిట్‌లో వేడి నెమ్మదిగా పాకుతుంది. మండుటెండలో చెయ్యి పెడితే లోహపు తొట్టి చురుక్కుమన్నంతగా ఇది అనిపించదు.

అపోహ 9: కాంపోజిట్ పగిలితే పారేయాల్సిందే.

వాస్తవం: పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీసి, వెనుక గాజునార గుడ్డ వేసి, ఎపాక్సీ వంటి జిగురుతో అతికిస్తారు. పెద్ద దెబ్బయితే తొట్టి లోపలి భాగాన్నే మారుస్తారు. వెల్డింగు మాత్రం కుదరదు. కొక్కేలు, పట్టీలు అదనంగా కావాలంటే బోల్టులతో బిగించాలి.

సులువుగా బాగుచేయడంలో ఉక్కుదే పైచేయి. ఇసుజు శ్రీసిటీలో తయారుచేసే డీ-మ్యాక్స్ మొదలుకొని తెలుగు రాష్ట్రాల్లో తిరిగే పికప్‌ల తొట్లు చాలావరకు ఉక్కువే. ఏ ఊరి టింకరింగ్ షాపులోనైనా సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగు వేసేస్తారు. అల్యూమినియంకు వేరే పనిముట్లు, వేరే శిక్షణ అవసరం. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో రహదారి భద్రతపై పనిచేసే ఐఐహెచ్ఎస్ సంస్థ 2015లో తక్కువ వేగంతో ఢీకొట్టించి చూసింది. అల్యూమినియం ఎఫ్-150 మరమ్మతు ఖర్చు 2014 నాటి ఉక్కు మోడల్ కన్నా 26 శాతం ఎక్కువైంది.

అపోహ 10: తొట్టిలో పెట్రోలు క్యాను పెట్టి నింపితే ప్రమాదం లేదు.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. పెట్రోలు పైపులోంచి పారుతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. క్యాను నేల మీద ఉంటే ఆ విద్యుత్తు భూమిలోకి పోతుంది. తొట్టిలో ప్లాస్టిక్ లైనర్ (లోపల పరిచే తొడుగు) ఉంటే పోయే దారి మూసుకుపోయి క్యానులోనే పోగవుతుంది. పెట్రోలు పంపు గన్ను దగ్గరకు రాగానే నిప్పురవ్వ లేచి ఆవిరి అంటుకుంటుంది. ఇలాంటి మంటల గురించి అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1998లోనే హెచ్చరించింది. విద్యుత్తు ప్రసరించని గాజునార తొట్టికీ ఇదే వర్తిస్తుంది. రబ్బరు టైర్ల మీద నిలిచిన లోహపు తొట్టిని కూడా నమ్మకూడదు. తొట్టి ఏదైనా సరే, క్యానును కిందికి దించి నేల మీద పెట్టి, గన్ను మూతిని క్యానుకు ఆనించే నింపాలి.

అపోహ 11: పాతబడ్డాక మూడూ ఒకేలా తుక్కు.

వాస్తవం: ఉక్కును అయస్కాంతంతో వేరుచేసి కరిగిస్తారు. అల్యూమినియంను మళ్లీ కరిగించడానికి ఖనిజం నుంచి తీసేందుకు పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. ఎస్ఎంసీ కరగదు కనుక దాన్ని పొడి చేసి పూరకంగానో, సిమెంటు బట్టీల్లో ఇంధనంగానో వాడతారు. జీఎంసీ కార్బన్ తొట్టిలోని నైలాన్ రెసిన్ మాత్రం వేడికి మళ్లీ మెత్తబడే రకం.

అపోహ 12: మూడింటిలో ఒకటి అన్ని విధాలా మేలు.

వాస్తవం: రాళ్లు, ఇనుప సామాను రోజూ పడే తొట్టికి ఉక్కు తగినది. దాని సొట్ట ఎక్కడైనా తీయించుకోవచ్చు. ఉప్పుగాలి తగిలే తీరంలో, ఎరువులు, తడి సరుకు మోసే పనిలో గాజునార కాంపోజిట్ ఎక్కువ కాలం మన్నుతుంది. బండి బరువు తగ్గించడమే ముఖ్యమైతే అల్యూమినియం ఉపయోగపడుతుంది. ఎంచుకునే ముందు తొట్టిలో రోజూ ఏం పడుతుందో, బండి ఎక్కడ తిరుగుతుందో, దెబ్బ తగిలితే ఎవరు బాగుచేస్తారో చూసుకోవాలి.