గజవేటలో తూటా: పరిమాణం, నిర్మాణం
పెద్ద మృగానికి పెద్ద తూటాయే శీఘ్ర మరణాన్నిస్తుందన్న అభిప్రాయం పాక్షిక సత్యం మాత్రమే. స్కాట్లాండుకు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ (1880–1954) ఆఫ్రికాలో చంపిన వెయ్యికి పైగా ఏనుగులలో అధికభాగం 7 మిల్లీమీటర్ల సన్నని తూటాకే కూలాయి. ఏనుగు కపాలాన్ని కోసి మెదడు స్థానాన్ని అతడు ముందే అధ్యయనం చేశాడు. అతడు వాడినది పూర్తిగా లోహపు తొడుగు గల తూటా. దళసరి ఎముకను ఛేదించినా దాని ఆకారం చెదరదు. మెత్తని సీసపు మొన గలది అదే ఎముకపై చితికి ఆగిపోవచ్చు.

జింక విషయంలో ఈ న్యాయం తారుమారవుతుంది. ఊపిరితిత్తులలో విచ్చుకునే తూటా రక్తస్రావాన్ని పెంచి త్వరగా ప్రాణం తీస్తుంది. విచ్చుకోనిది సన్నని రంధ్రం చేసి దూసుకుపోతే, జంతువు చాలా దూరం పరుగెత్తి యాతనతో మరణిస్తుంది.

బెల్‌ను అనుకరించినవారందరికీ అతని గురి లేదు. మెదడు తప్పిన సన్నని తూటా ఏనుగును గాయపరచి వదిలేస్తుంది. ప్రమాదకర మృగాలకు పలు ఆఫ్రికా దేశాలు .375 కాలిబర్‌ను కనీస పరిమితిగా విధించడం ఆ దృష్ట్యా సమంజసమే.